పక్కన ఎవరున్నారు? సువార్త చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది

యూత్ మీటింగులు, ఉపవాస ప్రార్థనలు అయిపోయాక పాస్టర్ గారిని పక్కకు పిలిచి అడిగే ప్రశ్నల్లో ఇదొకటి తప్పకుండా ఉంటుంది: "నమ్మకం ఉందండీ, కానీ బయట చెప్పాలంటే భయమేస్తోంది, ఏం చేయాలి?" దీనికి మన సంఘాల్లో దొరికే జవాబు కూడా దాదాపు ఒకటే. ఇంకా ప్రార్థన చెయ్యి, ఇంకా వాక్యం చదువు, విశ్వాసం పెరిగితే భయం దానంతటదే పోతుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ ఇది సగం జవాబే. ఆ సగం జవాబు పట్టుకుని ఇంటికెళ్లిన మనిషి, నెల తిరిగినా భయం పోకపోతే, లోపం తన విశ్వాసంలోనే ఉందనుకుని ఇంకాస్త కుంగిపోతాడు. మొదట్లో భయం ఒక్కటే ఉండేది, ఇప్పుడు దేవుడి దగ్గర కూడా తప్పు చేసినట్టు అనిపించడం దానికి తోడవుతుంది.

బైబిల్లో గానీ, మన తెలుగు సంఘాల చరిత్రలో గానీ ధైర్యంగా మాట్లాడినవాళ్ల సంగతులు కాస్త దగ్గరగా చదివితే ఒక విషయం మళ్లీ మళ్లీ కనపడుతుంది. వాళ్లలో ఎక్కువమంది ఒంటరిగా నిలబడలేదు. ధైర్యం దేవుడిచ్చేదే, కానీ ఆయన దాన్ని చాలాసార్లు మనుషుల చేతుల మీదుగా ఇచ్చాడు. భయపడుతున్న విశ్వాసిని "నీకెందుకు ధైర్యం లేదు" అని అడిగేముందు "నీ పక్కన ఎవరున్నారు" అని అడగాలి. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సంఘం.

పేతురునే చూడండి. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు బెదిరిపోయి, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకినవాడు. ఏడు వారాలు తిరిగేసరికి అదే యెరూషలేములో, అదే అధికారుల ఊళ్లో, జనం మధ్య లేచి మీరు సిలువ వేసిన ఈ యేసునే దేవుడు ప్రభువుగాను క్రీస్తుగాను నియమించాడని మొహం మీదే చెప్పాడు. మధ్యలో తిరిగి లేచిన ప్రభువును కళ్లారా చూశాడు, పరిశుద్ధాత్మ దిగివచ్చాడు, ఈ రెండూ లేకుండా పేతురు మార్పు అర్థం కాదు, వాటిని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పద్నాలుగో వచనం దగ్గర ప్రసంగీకులు పెద్దగా ఆగరు. పేతురు "ఆ పదునొకరితో కూడ" లేచి నిలిచాడని అక్కడ ఉంది. మాట్లాడింది ఒక్కడే, నిలబడింది పన్నెండు మంది. మంట దగ్గర చుట్టూ ఉన్నది బంట్రోతులు, ఇక్కడ భుజం పక్కన ఉన్నది తనవాళ్లు.

నాలుగో అధ్యాయంలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. పేతురు, యోహానులను పట్టుకుని, ఒక రాత్రి కావలిలో ఉంచి, మర్నాడు పెద్దల సభ ముందు నిలబెట్టి, ఇకమీదట యేసు పేరు ఎత్తొద్దని బెదిరించి వదిలారు. వదిలాక వాళ్లు ఎక్కడికి వెళ్లారు? నేరుగా తమవాళ్ల దగ్గరికి వెళ్లి, ప్రధానయాజకులు, పెద్దలు అన్న మాటలన్నీ ఉన్నవున్నట్టు చెప్పారు. మన కూడికల్లో కొరవడింది సరిగ్గా ఇదే. మన దగ్గర సాక్ష్యం అంటే గెలిచిన కథ. జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, దేవునికే మహిమ. "మా బావగారు బైబిలు చింపేశారు, మళ్లీ మందిరానికెళ్తే ఇంట్లోకి రానివ్వనన్నారు, నాకు వణుకొస్తోంది" అని మైకు దగ్గర చెప్పేవాళ్లు ఎంతమంది? చెప్పినా ఎవరో ఒకరు అందుకుని "భయపడకూడదమ్మా" అని కూర్చోబెడతారు. ఆ మొదటి సంఘం బెదిరింపును మొత్తం విన్నది. విన్నాక అందరూ ఏక మనస్సుతో ప్రార్థించారు. ఆ ప్రార్థనలో బెదిరింపులు ఆపమని అడగలేదు, బెదిరించినవాళ్లను శిక్షించమని కూడా అడగలేదు, నీ వాక్యం ధైర్యంగా బోధించేలా నీ దాసులకు అనుగ్రహించు అని అడిగారు. ఇద్దరికి వచ్చిన బెదిరింపును అందరూ తమ మీదికి తీసుకున్నారు.

పౌలు విషయంలోనూ అంతే. పౌలు అనగానే దేనికీ జంకని మనిషి మన కళ్లముందు నిలబడతాడు, కానీ కొరింథుకు వచ్చినప్పుడు బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో మీ దగ్గర ఉన్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ ఊళ్లో ఆయనకు మొదట దొరికింది అకుల, ప్రిస్కిల్ల అనే జంట. రోమా నుంచి యూదులందరూ వెళ్లిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపిస్తే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్లు, పౌలుకు తెలిసిన డేరాలు కుట్టే పనే వాళ్లదీ. వాళ్లింట్లో ఉండి, వాళ్లతో కలిసి పనిచేశాడు. తర్వాత మాసిదోనియ నుంచి తోటి సేవకులు సీల, తిమోతి వచ్చాకే వాక్యం చెప్పడంలో పూర్తిగా దిగాడని అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ఆ తర్వాత ఒక రాత్రి దర్శనంలో ప్రభువు, భయపడకు, మాట్లాడు, మౌనంగా ఉండకు అన్నాడు. అలా అన్నప్పుడు చెప్పిన కారణాలు చూడండి: నేను నీకు తోడై ఉన్నాను, ఈ పట్టణంలో నాకు చాలామంది జనం ఉన్నారు. నువ్వు గట్టివాడివి అని మాత్రం చెప్పలేదు. ఆ పౌలే తర్వాత సంకెళ్లలో ఉండి ఎఫెసీయులకు రాస్తూ, నేను ధైర్యంగా మాట్లాడేలా నాకోసం ప్రార్థించండి అని విశ్వాసుల్ని బతిమాలుకున్నాడు. అపొస్తలుడే అడిగి తీసుకున్నదాన్ని ఇంటర్ చదివే కుర్రాడు తనంతట తానే తెచ్చుకోవాలని ఎదురుచూడటం ఎంత అన్యాయం!

ఇక మన గడ్డ మీదికి వద్దాం, ఎందుకంటే ఇదే సంగతి ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా పచ్చిగా జరిగింది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేకపోవడంతో ఈ పని ఆపేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడా జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే పిలుస్తారు. అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆ ఏడే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు, అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చుకుని దేవుడి కోసం వెతుకులాడినవాడు. ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్లినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. విన్నది మనసులో దాచుకోలేదు, సంత మధ్యలో నిలబడి కేకలూ వేయలేదు. తాళ్లకొండపాడు తిరిగొచ్చి ముందు ఇంట్లో చెప్పాడు, తర్వాత బంధువుల్లో చెప్పాడు, పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్లకు పోయి చెప్పాడు. 1867 మొదట్లో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి బాప్తిస్మం అడిగేవాళ్లు అక్కడ సిద్ధంగా ఉన్నారు.

కష్టం ఆ తర్వాతే మొదలైంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లకు పెట్టిన నియమాలు చాలా సాదాగా ఉండేవి: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇవాళ చదివితే ఇందులో తగాదా ఎక్కడుంది అనిపిస్తుంది. కానీ ఆనాటి పల్లెలో మాదిగవాడు ఆదివారం పనికి రానంటే మోతుబరి పొలంలో పని ఆగుతుంది. జాతరలో డప్పు కొట్టనంటే అమ్మవారి ఊరేగింపు ఆగుతుంది. ఊరి కట్టుబాటు మొత్తం వాళ్లు ఒళ్లు వంచి చేసే పనుల మీద నిలబడి ఉంది, చెప్పులు, బావి నీళ్లు తోడే కపిలకు తోలు బొక్కెనలు, డప్పు, వెట్టి, అన్నీ. అందుకే అక్కడ విశ్వాసం ప్రకటించడానికి ప్రసంగం అక్కర్లేకపోయింది, ఆదివారం పనికి పోకుండా ఇంటి దగ్గర ఉంటే చాలు, ఊరంతటికీ తెలిసిపోయేది. కరణం, మునసబు, రైతులు ఊరుకోలేదు. నీళ్లకు అడ్డుపడ్డారు, అంగట్లో సరుకివ్వొద్దన్నారు, లేనిపోని నేరాలు మోపారు.

ఆ మనుషులు ఎలా తట్టుకున్నారు? పేరయ్య లాంటి గట్టి మనుషులు కొందరున్న మాట నిజమే. అయితే చాలా చోట్ల జరిగింది ఏమిటంటే, పేటలో ఒకరు నమ్మితే వాళ్లతోపాటు అన్నదమ్ములు, వియ్యాలవారు, కొన్నిసార్లు పేట పేటంతా వచ్చింది. నీళ్లు ఆపితే అందరికీ ఆగాయి కాబట్టి అందరూ కలిసే దారి వెతుక్కున్నారు. పల్లెల్లో తిరిగే తెలుగు బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలులో కలిసేవాళ్లు, ఎక్కడ ఏ ఇబ్బంది వచ్చిందో చెప్పుకునేవాళ్లు, ప్రార్థన చేసుకుని మళ్లీ బయల్దేరేవాళ్లు. ఆచరణలో ఇది అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయమే. అవసరమైన చోట అధికారుల దగ్గర న్యాయం అడగడం కూడా ఉండేది. ఆత్మీయులం కాబట్టి అర్జీ పెట్టుకోకూడదు అని వాళ్లు అనుకోలేదు. ఇవాళ పోలీస్ స్టేషన్‌కు వెళ్లడమంటే విశ్వాసం లేకపోవడమే అన్నట్టు మాట్లాడే పెద్దలు, పౌలు తన రోమా పౌరసత్వాన్ని గుర్తుచేసి కైసరు ఎదుటే చెప్పుకుంటానన్న సంగతి ఒకసారి చదువుకుంటే మంచిది.

ఒంగోలులో పైకులాలవాళ్లు మొదట్లో కొంత ఆసక్తి చూపించారు, మాదిగల్ని చేర్చుకుంటే మాత్రం మేం రాం అన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనపడిందని బాప్టిస్టు సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, లోకంలో నీచులైనవారిని, తృణీకరించబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన ధైర్యం కూడా చిన్నదేం కాదు. పలుకుబడి ఉన్నవాళ్లను పోగొట్టుకుని, ఏ అండా లేనివాళ్ల పక్కన నిలబడాలి.

"డబ్బుకి, బియ్యానికి మతం మారారు" అనే మాట ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలంలో దాదాపు పదిహేను నెలలపాటు ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఇక లేదని తేలాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలోకి దిగి ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. ఎవరైనా ఈ నింద వేసినప్పుడు కోపం తెచ్చుకోవడం కన్నా ఈ చరిత్ర తెలిసి ఉండటం ఎంతో ఉపయోగం.

దోర్నకల్‌లో బిషప్ అజరయ్య ఇంకో అడుగు ముందుకేశారు. 1912లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన ఆయన, బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో చెయ్యి తల మీద పెట్టించి, నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటలు పలికించేవారు. అంతటితో ఆగితే అది భారం మోపడమే అయ్యేది. ఏడాదిలో ఒక వారం సంఘమంతా కలిసి సాక్ష్యానికి బయల్దేరే ఏర్పాటు కూడా దోర్నకల్‌లో ఉండేది. చదువురాని కూలీలు, ఆడవాళ్లు గుంపులుగా పక్క ఊళ్లకు వెళ్లి పాటలు పాడుతూ తమకు తెలిసినంత చెప్పేవాళ్లు. మాటల్లో నేర్పు లేకపోయినా, తాగుడు మానిన మనిషిని, శుభ్రంగా ఉన్న పిల్లల్ని ఊరు చూసింది. పాలేరు కుటుంబం మారిన తీరు చూసి తర్వాతి కాలంలో రైతుకులాల వాళ్లు కూడా సంఘంలోకి వచ్చారు.

ఇవాళ్టి వ్యతిరేకత అన్ని చోట్లా ఒకేలా ఉండదు కాబట్టి "ధైర్యంగా ఉండు" అని అందరికీ ఒకే మందు రాసివ్వడం కుదరదు. చట్టం సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేసుకోవడానికి హక్కు ఇస్తోంది. ప్రచారం చేసే హక్కులో మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిరుమల లాంటి చోట్ల అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చట్టం వచ్చింది, దాన్ని గౌరవించాల్సిందే. వేరేవాళ్లు మొక్కుకోవడానికి వచ్చిన చోటికెళ్లి కరపత్రాలు పంచడం ధైర్యం కాదు, అవతలి మనిషి మీద గౌరవం లేకపోవడం.

చాలామందికి అసలు పోరాటం ఇంట్లోనే. పెళ్లయ్యాక నమ్ముకున్న కోడలు, డిగ్రీ చదివే రోజుల్లో నమ్ముకున్న అబ్బాయి. వీళ్లకు ఎదురయ్యేది గూండాలు కాదు, అన్నం పెట్టిన అమ్మ. "మా పరువు తీశావు, రేపు నాకు తలకొరివి ఎవరు పెడతారు" అని ఏడ్చే తల్లి ముందు ఏ ప్రసంగమూ పనికిరాదు. ఇలాంటి చోట ధైర్యం అంటే గట్టిగా వాదించడం కానే కాదు. సాత్వికంతో జవాబు చెప్పమన్నాడు పేతురు, అది కూడా అడిగినవాళ్లకు. అమ్మకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చోవాలి, ప్రసాదం ఎందుకు తీసుకోలేదని అడిగినప్పుడు గొంతు పెంచకుండా ఉన్నమాట చెప్పాలి. యూదుల పెద్దల్లో ఒకడైన నీకొదేము మొదట యేసు దగ్గరికి రాత్రిపూట వచ్చాడు, కొన్నాళ్లకు సభలో యేసు తరఫున ఒక్క న్యాయమైన ప్రశ్న అడిగాడు, చివరికి శిష్యులు చెల్లాచెదురైన రోజున యేసును సమాధి చేయడానికి సుగంధ ద్రవ్యాలు మోసుకుని బాహాటంగానే వచ్చాడు. ఆ చివరి రోజున కూడా పక్కన అరిమతయియ యోసేపు ఉన్నాడు, ఆయన కూడా అంతవరకూ భయంతో రహస్యంగా ఉన్న శిష్యుడే. భయస్తులు ఇద్దరు కలిస్తే అంత పని జరిగింది.

ఇంకో నొప్పి గురించి సంఘాల్లో గుసగుసగానే మాట్లాడతారు, కులం సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు లేదు. క్రైస్తవుడైన మాల, మాదిగ కుటుంబాలకు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ మాత్రమే ఉంది. అందుకే కాగితం మీద హిందువుగా, ఆదివారం విశ్వాసిగా బతికేవాళ్లు చాలామంది. వాళ్లను బయటివాళ్లు దొంగలంటారు, స్టేజీ మీద ప్రసంగీకులు వేషధారులంటారు. అబద్ధపు కాగితం మీద సంతకం సరైనదని ఎవరూ చెప్పలేరు. కానీ రెడ్డి, కమ్మ కుటుంబాల నుంచి వచ్చిన క్రైస్తవుడు ఇలాంటి ధర కట్టనక్కర్లేదు, సువార్త చెప్పినందుకు సీటు, ఉద్యోగం, ఎట్రాసిటీ చట్టం రక్షణ పణంగా పెట్టాల్సింది దళితుడొక్కడే. ఇంటర్ అయిన పిల్ల సర్టిఫికెట్‌లో నిజమే రాయిస్తానంటే ఆ పిల్ల ఫీజులో సంఘం ఎంత కడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు లేని సంఘానికి ఆ కుటుంబాన్ని వేషధారులనే హక్కు ఎక్కడిది?

దీనికి పూర్తి వ్యతిరేకంగా, ఫోను కెమెరా ముందు కూర్చుని ఎదుటివాళ్ల దేవుళ్లను, ఆచారాలను వెక్కిరించి, దాన్ని ధైర్యం అనుకునేవాళ్లు తయారయ్యారు. వాళ్లకు లైకులు వస్తాయి, దెబ్బలు మాత్రం ఎక్కడో మారుమూల పల్లెలో ముప్పై మందితో కూడిక నడుపుకునే పాస్టర్ గారికి పడతాయి. ఎఫెసులో పౌలు మీద అల్లరి లేచినప్పుడు, వీళ్లు గుడి దోచినవాళ్లూ కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదు అని ఊరి కరణమే జనానికి చెప్పాడు. రెండేళ్లకు పైగా అక్కడ సువార్త చెప్పిన మనుషుల గురించి, వాళ్లను నమ్మని అధికారి అన్న మాట అది. మన గురించి మన ఊరి సర్పంచ్ ఆ మాట చెప్పగలిగేలా ఉండాలి.

పారిపోవడం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఈ పట్టణంలో హింసిస్తే ఇంకో పట్టణానికి పారిపొండి అని చెప్పింది యేసే. దెబ్బలు తింటున్న భార్యను "సహించమ్మా, అది నీ సిలువ" అని అదే ఇంటికి పంపడం వాక్యం కాదు, ఆమెకు తలదాచుకునే చోటు చూపించాలి. స్తెఫను చనిపోయాక యెరూషలేము సంఘం చెల్లాచెదురైంది, అపొస్తలులు మాత్రమే అక్కడ మిగిలారు. పారిపోయినవాళ్లలో పేర్లు కూడా తెలియని కుప్ర, కురేనే మనుషులు కొందరు అంతియొకయకు చేరి, అప్పటిదాకా యూదులకే చెబుతున్న మాటను గ్రీసు దేశస్థులకు చెప్పడం మొదలుపెట్టారు. మన దగ్గరా ఊళ్లో నోరు విప్పలేకపోయిన అబ్బాయి హైదరాబాద్ హాస్టల్‌లో రూమ్మేట్‌కు చెబుతాడు, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు శుక్రవారం సెలవు దొరికితే తెలుగు సహవాసంలో కలుసుకుని, అక్కడ నేర్చుకున్న పాట ఫోనులో ఊళ్లో ఉన్న అమ్మకు వినిపిస్తారు. తన ఊరి కులపెద్దల ముందు చెప్పలేని మాట వేరే చోట, వేరే మనుషుల మధ్య చెప్పగలిగినప్పుడు అతన్ని పిరికివాడని ఎవరూ అనకూడదు. అతనికి అక్కడ ఏ సంఘం ఉందో కనుక్కుని, ఆ పాస్టర్ గారికి ఫోను చేసి "మా అబ్బాయి వస్తున్నాడండీ, కాస్త చూసుకోండి" అని చెప్పడం ఊళ్లో మిగిలినవాళ్ల పని.